గ్రామ కావలి దళములకు ధనము సమకూర్చుకొను విధము

దొంగ యిల్లు త్రవ్వుటకంటె బావికడకు పోవుట సులభమని మన రైతులకు తెలియనిది కాదు. ఇంటివద్ద కుక్క యుండును, ఇరుగుపొరుగు వారుందురు, దీపముండును. హల్దీ వాగు ఒడ్డున గాని, ఊరికి దవ్వుగనున్న బోరుబావివద్ద గాని మోటారు, స్టార్టరు, కేబులు రాత్రియంతయు దిక్కులేక పడియుండును. కేబులును కోసుకొనిపోయిన వానికి దక్కునది తూకమునకు వచ్చు రాగి మాత్రమే. రైతునకు పోవునది కేబులు వెల యొక్కటియే కాదు. క్రొత్తది తెచ్చి బిగించులోపల పొట్టమీదనున్న వరిమడి నాలుగు దినములు నీరులేక బెట్టకు వచ్చును. ట్రాన్స్‌ఫార్మరును పగులగొట్టి అందలి తీగను తీసికొనిపోయిన, దాని క్రిందనున్న రైతులందరికిని ఒక్కమారే యీ గతి పట్టును.

ఇట్టి దొంగతనము జరిగిన పిమ్మట గ్రామమున యువకులు కూడి కావలిదళ మేర్పరచుకొనుట సహజము. మొదటి వారము ఇరువదిమంది వత్తురు. రెండవ నెలలో ఐదుగురు మిగులుదురు. మూడవ నెలలో టార్చిలైటు సెల్లులకు డబ్బెవరిత్తురను ప్రశ్న పుట్టును. అంతటితో దళము కథ ముగియును. ధైర్యము లేక చెడిన దళములకంటె చిల్లరఖర్చునకు దారిలేక చెడిన దళములే హెచ్చని మా యభిప్రాయము. కావున కావలి కాయుట యెట్లను విషయమును పోలీసువారికి విడిచి, కావలికి సొమ్మెట్లు కూర్చవలెనను విషయమునే యీ పాఠమున చర్చించెదము.

ముందుగ మన పూర్వులేమి చేసిరో చూతము. కావలికి ప్రత్యేకముగ ధనము తీయుట క్రొత్త సంగతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజ్యాదాయపు పద్దులలో ‘చోరరజ్జు’ అనునది యొకటి గలదు. దొంగలను పట్టుటకై పల్లెలనుండి తీయు సుంకమని దాని యర్థము. అందొక విశేషము గలదు. రెండు గ్రామముల నడుమ సొత్తు పోయినచో, ఆ బీళ్లపై నధికారియైనవాడును, బీడులేని చోట చోరరజ్జుకుడను ఉద్యోగియు నష్టమును పూడ్చవలెనని యా గ్రంథము చెప్పును. సొమ్ము పుచ్చుకొన్నవాడే పోయిన సొత్తునకు జవాబుదారి యన్నమాట.

తెలుగు పల్లెలలో తలారికి కళ్లమువద్దనే మేర కొలిచెడివారు. పంట రాశిపడిన దినముననే, యింటికి చేరకముందే, కావలివాని భాగము కావలివానికి ముట్టెడిది. పంట బాగుగ పండిన వానికి మేర హెచ్చును, ఎండిన వానికి తగ్గును. మదరాసు రాజధానిలో 1864వ సంవత్సరపు 4వ చట్టముతో ఈ పద్ధతి మారజొచ్చినది. గ్రామ నౌకర్ల పోషణకై శిస్తు రూపాయకు ఒక అణాకు మించకుండ పన్ను వేయుటకు ఆ చట్టము వీలు కల్పించెను. అనగా పదునారవవంతు. మేర పోయి పన్ను వచ్చినంతనే తలారి రైతు కళ్లమువైపు చూచుట మాని కచేరీవైపు చూడసాగెనని మాకు తోచుచున్నది.

మన మెదకు ప్రాంతము 1948 వరకు నిజాము రాజ్యమున నుండెను. ప్రతి గ్రామమునకు మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యుండెడివారు. వారి క్రింద సేత్‌సింధీ, తలారి, నీరడి మున్నగు సేవకులుండిరి. వీరిలో పలువురికి ఇనాము భూమియు, ధాన్యపు రుసుమును ఆధారము. వీరిచే వెట్టి చేయించుకొన్న సంగతిని మరచి ఆ కాలమును పొగడుట తగదు. అయినను రాత్రివేళ ఊరిచుట్టు తిరుగుటకొక మనిషియు, ఆ మనిషి తిండికొక దారియు నుండెననుట నిజము. 1955లో తెలంగాణ ఇనాముల రద్దు చట్టము వచ్చినది. 1984 జనవరిలో పటేలు, పట్వారీల పదవులు తొలగింపబడినవి. 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవియు రద్దయ్యెను. పూర్వపు గ్రామసేవకుల స్థానమున వచ్చిన గ్రామ రెవెన్యూ సహాయకులు 2023లో ఇతర శాఖలలో సర్దబడిరి. ఇట్లు ఒక్కొక్కటియే తొలగి, ఊరిలోనే పుట్టి ఊరిసొమ్ము తిని ఊరిని కాయు మనిషి నేడు లేకపోయెను.

ఇప్పుడు పోలీసు ఖర్చు ఎవరిది? భారత రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో రాష్ట్రజాబితా రెండవ పద్దున పోలీసు అని వ్రాసి, గ్రామ పోలీసు కూడ అందులో చేరినదేయని స్పష్టపరచిరి. కావున నేరమును పట్టుట, విచారించుట, అందుకగు వ్యయము రాష్ట్ర ప్రభుత్వమునకు చెందినవి. మన చందాతో పోలీసును పోషింపవలసిన పనిలేదు, పోలీసుపని మన దళము చేయరాదు. దళమునకు కావలసినది మెలకువ, వెలుగు, ఈల, ఫోను మాత్రమే. ఈ హద్దు తెలిసినచో ఖర్చు సగము తగ్గును.

బయటి నిధులలో మొదటిది పంచాయతీ. వీధిదీపములు వెలిగించుట పంచాయతీ విధి. అందుచే కావలిదళము మొదట అడుగవలసినది ధనము కాదు, దీపము. ఏ మలుపున చీకటి యున్నదో, ఏ స్తంభమునకు బల్బు లేదో చీటీమీద వ్రాసి గ్రామసభయందు చదివినచో ఆ వ్యయము మన నిధిమీద పడదు. కేంద్ర ఆర్థికసంఘపు నిధులును పంచాయతీకి వచ్చును. పదునైదవ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు గల కాలమునకు గ్రామీణ సంస్థల కిచ్చిన దానిలో నూటికి 60 పాళ్లు పారిశుద్ధ్యమునకు, త్రాగునీటికి ముడిపెట్టెను. తక్కిన 40 పాళ్లు స్థానికావసరములకు వాడవచ్చుననియు, జీతములకు, కార్యాలయపు ఖర్చులకు మాత్రము వాడరాదనియు నియమము. కావలివానికి జీతమిమ్మని పంచాయతీని ఈ నిధినుండి అడుగుట వ్యర్థమని దీనివలన తెలియుచున్నది.

మరియొక సంగతి. 2024 ఫిబ్రవరి మొదలు దాదాపు రెండేండ్లు తెలంగాణ పంచాయతీలలో ఎన్నికైన పాలకవర్గములు లేక ప్రత్యేకాధికారుల పాలన నడచినది. ఆ కాలమున కేంద్రపు నిధులు నిలిచిపోయెను. పైనుండి వచ్చు నీటినే నమ్ముకొన్న చెరువు తూము మూసిన దినమున ఎండును.

రెండవది పార్లమెంటు సభ్యుల నియోజకవర్గాభివృద్ధి నిధి. ఇది 1993లో పుట్టినది. సభ్యుని కేటికి 5 కోట్ల రూపాయలు. శాసనసభ్యులకును ఇట్టి నిధి యున్నది. వీనినుండి స్తంభము, దీపము, కట్టడమువంటి నిలిచియుండు వస్తువులను అడుగవచ్చును. నెలనెలా అగు ఖర్చును అడుగరాదు, అడిగినను రాదు.

మూడవది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టపు 135వ సెక్షను ప్రకారము, నికర ఆస్తి 500 కోట్లు గాని, వ్యాపారము 1,000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు పాళ్లు ప్రజాహితమునకు ఖర్చు చేయవలెను. హైదరాబాదు నుండి మనవైపు వచ్చు దారిలో కర్మాగారములు కలవు గదా, మన దళమున కేల యీయరాదని కొందరు మమ్మడిగిరి. వారికి సమాధానము: కంపెనీ తన డబ్బును మరియొక సంస్థచే ఖర్చు చేయింపదలచినచో, ఆ సంస్థ రిజిస్టరై, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు పొంది, అట్టి పనిలో మూడేండ్ల అనుభవము గలదై యుండవలెను. నిన్న పుట్టిన కావలిదళమున కది సాధ్యము కాదు. అందుచే డబ్బు మాకిమ్మని అడుగక, పంచాయతీద్వారా ఫలానా కూడలిలో దీపమో కెమెరాయో మీరే పెట్టుడని అడుగుట మంచి మార్గము. లెక్క వారిదే, వెలుగు మనది.

కెమెరాల విషయమున తెలంగాణ పోలీసుశాఖ ‘నేను సైతం’ అను పేర, కాలనీలవారి, వర్తకుల చందాలతో కెమెరాలు పెట్టించు పద్ధతిని నడపినది. 2013 నాటి ప్రజాభద్రతా చట్టము ఒకమారు నూరుమందికి గాని, దినమునకు ఐదువందలమందికి గాని తావిచ్చు స్థలముల యజమానులు తమ ఖర్చుతో కెమెరాలు పెట్టవలెనని విధించినది. కావున జనము రద్దీగనుండు కల్యాణమంటపము, పెద్ద దుకాణము వంటివాని కెమెరా ఖర్చు ఊరిచందాలో కలుపుట అనవసరము.

ఇతర దేశములలో ఏమి చేయుదురో ఒకమాట. ఇంగ్లండులో ఇరుగుపొరుగు కావలి సంఘము మొట్టమొదట 1982లో మోలింగ్టను అను పల్లెలో పుట్టెను. అచ్చట పోలీసువారికి దొరికి, యజమాని తెలియక మిగిలిన వస్తువులను అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత ధర్మకార్యములకు పంచు ఏర్పాటు గలదు. దొంగసొత్తే కావలికి తోడ్పడుట చమత్కారమే గాని, మనకట్టి యేర్పాటు లేదు.

పైన చెప్పిన నిధులన్నియు వస్తువులను కొనిపెట్టునవే. ఒకదానిలోనైన టీకి, సెల్లులకు, చెడిన కెమెరా మరమ్మతునకు చోటులేదు. పెట్టినప్పుడు ఫొటో తీయించుకొని, తీగ తెగిన తరువాత కన్నెత్తి చూచువారులేని కెమెరాలను మనము చూడలేదా? కావున బయటి ధనముతో వస్తువును, ఊరి ధనముతో దాని పోషణను చేయవలెను. ఊరి ధనమెంతయో ముందు లెక్కవేసికొనక బయటి వస్తువును పుచ్చుకొనరాదు.

ఊరి ధనములో అన్నిటికంటె పెద్దది రూపాయలలో లేదు, మనుష్యుల రాత్రులలో నున్నది. పంజాబులో ఠీక్రీ పహరా అను పాత ఆచారము గలదు. ఠీక్రీ యనగా కుండపెంకు. పెంకులతో వంతులు తీసి, ఎవరి వంతు వచ్చిన వారు ఆ రాత్రి గస్తీ తిరుగుదురు. 1918లో దీనికై ప్రత్యేక చట్టమే చేసిరి. మనకట్టి చట్టము లేదు, కావున బలవంతము లేదు. కాని వంతుల పద్ధతిని ఇష్టపూర్వకముగ నవలంబింప నడ్డులేదు.

ఒక ఊరిలో 240 ఇండ్లున్నవనుకొందము. వృద్ధులు, ఒంటరి స్త్రీలు మాత్రమే గల 40 ఇండ్లను విడిచిన 200 ఇండ్లు. రాత్రికి నలుగురు చొప్పున తిరిగిన, ఒక్కొక్క ఇంటికి 50 రాత్రుల కొకసారి వంతు వచ్చును. ఏటికి ఏడెనిమిది రాత్రులు. ఇది భారము కాదు. దీనికి బదులు నెలకు 10,000 రూపాయలకు ఒక కావలివానిని పెట్టుకొన్నచో ఏటికి 1,20,000, అనగా ఇంటికి 500 రూపాయలు. ఒక్కడు నాలుగు దిక్కుల నుండలేడు గదా.

వంతుల దళమునకగు ఖర్చు చూడుడు. టీకి, సెల్లులకు రాత్రికి 40 రూపాయల చొప్పున ఏటికి 14,600. కెమెరాల మరమ్మతు, ఇంటర్నెట్టు 12,000. టార్చీలు, ఈలలు, వానకోట్లు 3,000. గస్తీ తిరుగు 200 మందికి ప్రమాదబీమా 4,000. ఈ బీమా సంగతి విడిగ చెప్పవలెను. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015లో ఆరంభమైనది. 18 మొదలు 70 ఏండ్ల వయస్సు గలవారు బ్యాంకు ఖాతాద్వారా చేరవచ్చును. 2022 జూనునుండి ఏటి రుసుము 20 రూపాయలు. ప్రమాదమున మరణించిన 2 లక్షలు కుటుంబమునకు వచ్చును. చీకటిలో పాముపై కాలువేయు మనిషికి ఇరువదిరూపాయల ధీమాయైన కల్పింపని ఊరు అతని రాత్రిని ఉచితముగ వాడుకొనరాదు. రుసుము ఎవరి ఖాతానుండి వారిదే తీయబడును. నిధినుండి దానిని వారికి తిరిగి యీయవలెను.

మొత్తము 33,600. ఇంటికి సమముగ పంచిన 140 రూపాయలు. సమముగ పంచుట న్యాయమా? మాకు తోచదు. కూలిచేసుకొను వానికి ఇల్లొకటే కాపాడవలసినది. మూడు మోటార్లు గల వానికి మూడు బావులను కాపాడవలెను. పూర్వపు మేరలో ఈ వివేకముండెను. కావున సగము ఇండ్లమీదను, సగము మోటార్లమీదను వేసి చూడుడు. ఊరిలో 150 మోటార్లున్నచో, ఇంటికి 70 రూపాయలు, మోటారునకు 112 రూపాయలు పడును. భూమిలేని ఇంటికి ఏటికి 70. ఒక మోటారు గల రైతునకు 182. మూడు గల వానికి 406. కౌలురైతు మోటారు వాడుకొనుచున్నచో ఆ 112 పట్టాదారు ఇయ్యవలెను, మోటారు ఆతనిది గనుక. ఈ అంకెలు లెక్క చూపుటకు వేసినవి. మీ ఊరి ఇండ్లు, మోటార్లు లెక్కించి మీ అంకెలు మీరు వేసికొనుడు.

ఎప్పుడు వసూలు చేయవలెను? నెలనెలా ఇల్లిల్లు తిరిగి పదునైదేసి రూపాయలు అడుగువాడు రెండవ నెలకే విసిగిపోవును. పూర్వము కళ్లమువద్ద కొలిచిరి. నేటి కళ్లము ధాన్యము కొనుగోలు కేంద్రము. వానకాలపు ధాన్యము సొమ్ము ఖాతాలలో పడిన వారములో ఒక విడత, యాసంగి సొమ్ము పడిన వారములో రెండవ విడత తీసికొనవలెను. అయితే సహకార సంఘము ఈ చందాను అప్పులో గాని, ధాన్యపు లెక్కలో గాని కోసిపెట్టుకొనరాదు. చందా ఇచ్చువాని చేతితో ఇయ్యవలెను. అట్లుకానిచో అది చందా కాదు, జుల్మానా. కావలిదళమునకు జుల్మానా వేయు అధికారము ఏ చట్టమును ఇయ్యలేదు.

మన సంఘమేమైన నీయగలదా? 1912 నాటి సహకార సంఘముల చట్టపు 34వ సెక్షనులో, ఏటి నికరలాభమున నాలుగవవంతు నిలువనిధికి చేర్చిన పిమ్మట, మిగిలిన దానిలో నూటికి పదికి మించకుండ, రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యమున కీయవచ్చునని యుండెను. ధర్మకార్యమనగా 1890 నాటి చట్టము చెప్పినట్లు బీదల సహాయము, విద్య, వైద్యము, సర్వజనోపయోగకరమగు ఇతర కార్యము. లక్షరూపాయల లాభమున్న 25,000 నిలువనిధికి పోను, 75,000లో పదవవంతు 7,500. నేడు మన సంఘములకు వర్తించునది 1964 నాటి చట్టము. దాని నియమములను, మన సంఘపు బైలాలను కార్యదర్శిచే చదివించుకొని, సర్వసభ్యసభలో తీర్మానించి, శాఖాధికారుల అనుమతి పొందిన పిమ్మటనే ఒక్క రూపాయయైనను కదలింపవలెను. నష్టమున నడచు సంఘము ఈ ఊసెత్తరాదు. సభ్యుల డిపాజిట్లు కావలి కాయవలసిన మొదటి సొత్తు.

ఉమ్మడిగొర్రె పుచ్చి చచ్చెనను సామెత ఉమ్మడి నిధులకును వర్తించును. నిధి ఒకరి జేబులో గాని, ఒకరి ఫోను ఖాతాలో గాని ఉండరాదు. ఇద్దరి సంతకములతో నడచు బ్యాంకు ఖాతా యుండవలెను. ఆ ఇద్దరు ఒకే యింటివారు, ఒకే వాడవారు కారాదు. ఒకరు స్త్రీసంఘమునుండి యుండుట మంచిది. లెక్క వ్రాయుటలో మన మహిళాసంఘముల వారికి గల అలవాటు మగవారికి లేదు. ప్రతి చందాకు రసీదు, ప్రతి ఖర్చునకు చీటీ యుండవలెను. రెండునెలల కొకసారి జరుగవలసిన గ్రామసభయందు లెక్క చదువవలెను. పెద్ద నిధి కూడి బయటివారితో వ్రాతకోతలు జరుపవలసి వచ్చినప్పుడు ఏడుగురు కూడి 2001 నాటి సొసైటీల చట్టము క్రింద రిజిస్టరు చేయించుకొనవచ్చును. అంతవరకు రిజిస్ట్రేషను ఖర్చు వృథా.

కావలిసొమ్మునకు పాడు కాలమును కలదని మరువరాదు. దక్షిణాది తమిళ జిల్లాలలో కావలిరుసుము ఇయ్యని రైతు పశువులు మాయమగుటయు, ‘తుప్పుకూలి’ యను పేర కొంత సొమ్ము ముట్టజెప్పిన పిమ్మట అవి తిరిగి కనబడుటయు నుండెను. కంచె చేను మేయుటకు ఇంతకన్న నిదర్శనము లేదు. 1896 ప్రాంతమున మధుర జిల్లా దిండిగల్లు వైపు రైతులు దీనిపై తిరుగబడిరి. ఊరూర కమిటీలు పెట్టుకొని, పాత కావలివారిని మానెదమని ప్రమాణము చేసిరి. పశువులు పోయిన ఊదుటకు కొమ్ములు కొనిరి. పగబట్టి ఎవని యింటికి నిప్పుపెట్టినను వానికి నష్టమిచ్చుటకై అగ్నినిధి యని యొకటి కూర్చిరి. నిధి యేర్పాటు వరకు అది మెచ్చదగినదే. కాని ఆ ఉద్యమము ఒక కులమువారి నందరిని ఊళ్లనుండి వెడలగొట్టుటగా మారి, ఇండ్లు కాలెను, మనుష్యులు నలిగిరి. ఒక కులమును పుట్టుకతోనే దొంగలనుట దొరతనమువారి 1871 నాటి నేరజాతుల చట్టము నేర్పిన బుద్ధి. ఆ చట్టము 1952లో రద్దయ్యెను. బుద్ధి మాత్రము కొన్నిచోట్ల మిగిలియున్నది. చందా ఇయ్యని వాడని గాని, ఫలానా తండా వాడని గాని, సంచారజాతి వాడని గాని ఒకనిని అనుమానించు దళమునకు ఎవరును చందా ఇయ్యరాదు.

2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు ఫోనులలో వ్యాపించి, తెలంగాణలో పలుచోట్ల నిరపరాధులను జనము కొట్టిరి. కొట్టినవారు తాము ఊరిని కాయుచున్నామనియే అనుకొనిరి. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారము, తన కన్నులయెదుట వారంటులేకయే పట్టదగిన, జామీనులేని నేరము చేసినవానిని, లేదా నేరస్థుడని ప్రకటింపబడినవానిని మాత్రమే సామాన్యుడు పట్టుకొనవచ్చును. పట్టిన ఆరుగంటలలోపల పోలీసువారి కప్పగింపవలెను. కట్టివేయుట, కొట్టుట, ఒప్పించుట మన పని కాదు. నిధిలో కఱ్ఱలకు పద్దు వ్రాయరాదు.

కెమెరా ముఖము వీధివైపు, కూడలివైపు ఉండవలెను గాని ఇండ్లలోనికి, స్నానపు రేవులవైపు ఉండరాదు. రికార్డు చూచు హక్కు పోలీసువారికి తప్ప ఊరిపెద్దలకు లేకుండుట మేలు.

గ్రామసభలో పెట్టదగిన తీర్మానపు నమూనాను క్రింద నిచ్చుచున్నాము. అంకెలు మీరు పూరించుకొనుడు.

“మన గ్రామ కావలినిధికి ఇంటికి రూ. ......, మోటారునకు రూ. ...... చొప్పున ఏటికి రెండు విడతలుగ, వానకాలపు, యాసంగి ధాన్యము సొమ్ము ముట్టిన పిమ్మట, ఇష్టపూర్వకముగ నిచ్చుటకు సమ్మతించితిమి. ఇయ్యలేని వారిని అడుగము. వారి యిల్లును, బావిని కూడ కాయుదుము. నిధి ఇద్దరి సంతకములతో బ్యాంకులో నుండును. గస్తీ తిరుగువారి ప్రమాదబీమా రుసుము నిధినుండి మొదట చెల్లింపబడును. జీతములకు, విందులకు, సన్మానములకు నిధి వాడబడదు. ప్రతి విడతకు ముందు గడచిన విడత లెక్క గ్రామసభయందు చదువబడును. చదువనిచో క్రొత్త విడత అడుగబడదు.”

దీని నకళ్లు మూడు వ్రాయించి, ఒకటి ఎల్దుర్తి ఠాణాలోను, ఒకటి పంచాయతీ కార్యాలయమునను, ఒకటి మన సంఘమునను ఇచ్చి రసీదు పొందవలెను.